నాలుగున్నర వేల గుంటల రింగు: ప్రాజెక్టు డైరీ

మే 12

కంకిపాడు వైపు నుంచి రీబోరింగుకు, అంటే అరిగిన బోరును కాస్త పెద్దదిగా తిరిగి కోయడానికి, వచ్చిన ఆయిల్ ఇంజను లైనరును (పిస్టను ఆడే ఇనుప గొట్టాన్ని) ఈరోజు బోర్ డయల్‌తో కొలిచాను. 80 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 110 మి.మీ. స్ట్రోకు (పిస్టను ఒకసారి కదిలే దూరం), నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఒంటి సిలిండరు డీజిల్ ఇంజను అది. మా నాన్నగారి షెడ్డుకు ఇలాంటివి ఏటా వస్తూనే ఉంటాయి. పిస్టను చుట్టూ ఉండే రింగుల్లో పై రింగు వెనుదిరిగే చోట అరుగుదల 0.28 మి.మీ. ఉంది, బోరు నడుమ మాత్రం 0.07 దాటలేదు. పైభాగంలో ఏర్పడిన గట్టు గోటికి స్పష్టంగా తగులుతోంది.

బోరంతా ఒక్కలా అరగకుండా పైభాగమే ఎందుకు దెబ్బతింటుందో షెడ్డులో అందరికీ అనుభవంతో తెలుసు. లెక్కలో చూస్తే, ఈ ఇంజనులో పిస్టను సగటు వేగం సెకనుకు 5.5 మీటర్లు, స్ట్రోకు నడుమ అది దాదాపు 9 మీటర్లకు చేరుతుంది. ఆ వేగానికి రింగుకూ బోరుకూ మధ్య ఆయిల్ పొర కొన్ని మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంతో నిలబడి లోహాన్ని లోహానికి తగలనివ్వదు. పిస్టను పైకొసకు చేరి వెనుదిరిగే టాప్ డెడ్ సెంటర్ దగ్గర వేగం సున్నా అవుతుంది. సరిగ్గా అక్కడే గ్యాస్ ఒత్తిడి రింగును వెనుక నుంచి బోరుకేసి నొక్కుతుంది, అక్కడే వేడికి ఆయిల్ పలచబడుతుంది. పొర మైక్రానుకో అంతకన్నా తక్కువకో పడిపోయి, రాపిడి గుణకం వేగం, చిక్కదనం, భారాలను బట్టి ఎలా మారుతుందో చూపే స్ట్రైబెక్ వక్రరేఖ మీద మనం ఎడమ కొసకు, అంటే లోహాలు రాసుకునే దశకు జారిపోతాం.

రీబోరింగు చేసి ఓవర్‌సైజు పిస్టను వేయడం ఎటూ ఉన్న వైద్యమే. ఆ పైభాగంలోనే ఆయిల్ నిలిచేలా ఉపరితలంపై సూక్ష్మమైన గుంటలు చెక్కితే అరుగుదల తగ్గుతుందా అన్నది ఈ ప్రాజెక్టు ప్రశ్న.

మే 20

వారం రోజులుగా చదివినదాన్ని, నా నిర్ణయాలకు పనికివచ్చినంత వరకే ఇక్కడ రాసుకుంటున్నాను. ఉపరితలంలోని సూక్ష్మమైన ఎగుడుదిగుళ్లే ఆయిల్ పొరకు మోసే శక్తిని ఇవ్వగలవని 1966లో హామిల్టన్, వాలోవిట్, ఆలెన్ తిరిగే షాఫ్టు చుట్టూ ద్రవం కారకుండా ఆపే సీళ్ల మీద చూపించారు. రాపిడి, అరుగుదలల శాస్త్రానికి ట్రైబాలజీ అన్న పేరు బ్రిటన్‌లో జోస్ట్ నివేదిక ద్వారా స్థిరపడింది కూడా అదే ఏడు. లేజర్‌తో గుంటలు చెక్కే పద్ధతిని 1990ల నుంచి ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌లో ఇజాక్ ఎట్సియాన్ బృందం మెకానికల్ సీళ్ల మీద, తరువాత పిస్టన్ రింగుల మీద పరీక్షించింది. మన దగ్గర హైదరాబాదు బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ పిస్టన్ రింగుల మీద అత్యంత చిన్న పల్సులు గల ఫెమ్టోసెకండ్ లేజర్‌తో 10 నుంచి 20 మైక్రాన్ల వెడల్పు, 5 నుంచి 10 మైక్రాన్ల లోతు గల గుంటలు చెక్కింది. ఫెమ్టోసెకండ్ లేజర్ నాకు అందేది కాదు కనుక గుంట పరిమాణం నేను పెద్దదే ఎంచుకోవాలి.

గుంట ఆయిల్‌లో ఒత్తిడి పుట్టించే తీరు సూటిగానే ఉంటుంది. రింగు కదులుతున్నప్పుడు గుంటకు ఒక పక్క దారి ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది, రెండో పక్క దారి వెడల్పై ఒత్తిడి పడిపోతుంది. పడిపోయిన వైపు ఆయిల్‌లో బుడగలు ఏర్పడి ఒత్తిడి ఒక హద్దు దాటి దిగదు కాబట్టి, రెండూ కలిపితే పైకి నెట్టే బలం కొంత మిగులుతుంది. అయితే ఇదంతా కదలిక ఉన్నంతసేపే. వేగం సున్నా అయిన క్షణంలో గుంట చేయగలిగింది ఆయిల్‌ను దాచి ఉంచడం, అరిగిన లోహపు పొడిని తనలో పడవేసుకోవడం మాత్రమే.

కొలతలు ఇలా నిర్ణయించాను: వ్యాసం 100 మైక్రాన్లు, లోతు 10 మైక్రాన్లు, మొత్తం వైశాల్యంలో గుంటల వాటా 10 శాతం. చదరపు అమరికలో ఆ వాటా రావాలంటే ఒక గుంట నడిమి నుంచి పక్క గుంట నడిమికి 280 మైక్రాన్లు ఉండాలి. బోరు పైభాగంలో 20 మి.మీ. పట్టీ మేర చెక్కితే దాదాపు 64,000 గుంటలు అవుతాయి. అన్నేసి గుంటల్లో ఆయిల్ నిలిస్తే ఇంజను ఆయిల్ తాగదా అని మా మేస్త్రీ గారు అడిగారు. గిన్నె ఆకారపు గుంటగా లెక్కగట్టి చూస్తే 64,000 గుంటల్లోనూ కలిపి పట్టేది రెండున్నర ఘన మిల్లీమీటర్లే, అంటే ఒక్క ఆయిల్ చుక్కలో ఇరవయ్యో వంతు. ఆయిల్ తాగడం గురించి ఆ తరువాత నేను ఆందోళన పడలేదు. మేస్త్రీ గారు మాత్రం తిరగలికి కక్కు కొట్టినట్టు బోరుకు కొడతావా బాబూ అని నవ్వారు. తిరగలికి కక్కు కొట్టేది రాపిడి పెంచడానికని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ మాట ఎందుకు గుర్తుపెట్టుకోవలసి వచ్చిందో నెల తిరిగేసరికి బోధపడింది.

మే 29

స్టీలు సామాన్ల మీద పేర్లు, పనిముట్ల మీద నంబర్లు వేసే 20 వాట్ల ఫైబర్ లేజర్ యంత్రం మా వీధి చివర దుకాణంలో ఉంది. దాని కిరణం 1064 నానోమీటర్లది, పల్సు నిడివి నానోసెకండ్లలో ఉంటుంది. పాత లైనరును నిలువునా చీల్చి 60 మి.మీ. పొడవు, 10 మి.మీ. వెడల్పు గల బద్దలు చేసుకుని, హోనింగు చేసి (రాయితో అడ్డగీతలు పడేలా రుద్ది), పది బద్దలు పట్టుకెళ్లాను. లేజరు చుక్క 50 మైక్రాన్ల లోపే కాబట్టి ప్రతి గుంటనూ చిన్న వృత్తంగా తిప్పి చెక్కవలసి వచ్చింది.

లోతు కొలవడం వేరే సమస్య. అంత చిన్న గుంటలో డయల్ గేజి మొన దిగదు. నాకు చదువు చెప్పిన మాస్టారి అనుమతితో కాలేజీ ప్రయోగశాలలోని మెటలర్జికల్ మైక్రోస్కోపు వాడాను. ముందు గుంట అంచు మీద, తరువాత అడుగు మీద ఫోకస్ కుదిర్చి, ఫైన్ ఫోకస్ మరమీది గీతల తేడా చదివితే లోతు తెలుస్తుంది. ఈ పద్ధతిలో మైక్రాను, రెండు మైక్రాన్ల పొరపాటు ఉంటుందని ఒప్పుకోవాలి. ఒకే గుంటను అయిదుసార్లు కొలిచి సగటు తీసుకున్నాను. సగటు లోతు 11 మైక్రాన్లు వచ్చింది. గుంటల చుట్టూ మెరిసే ఉంగరం లాంటిది కనిపించింది కానీ ఆ రోజు దాన్ని పట్టించుకోలేదు.

జూన్ 9

పరీక్షా యంత్రం సిద్ధమైంది. మోటారు, దానికి 20 మి.మీ. క్రాంకు, దాని మీద ముందుకూ వెనక్కూ ఆడే బల్ల, బల్ల మీద లైనరు బద్ద, పైన 50 న్యూటన్ల భారంతో నొక్కే రింగు ముక్క. రింగు ముక్క తాకే మేర 25 చదరపు మి.మీ. అనుకుంటే ఒత్తిడి సుమారు 20 బార్లు. ఇంజనులో మంట రేగినప్పుడు రింగు వెనుక ఉండే ఒత్తిడి దీనికి కొన్ని రెట్లు ఉంటుంది. వేగం విషయంలోనూ నిజాయితీగా ఉండాలి. నిమిషానికి 300 ఆటలు (ముందుకూ వెనక్కూ కలిపి ఒక ఆట) ఆడించినా నా రింగు ముక్క గరిష్ఠ వేగం సెకనుకు 0.63 మీటర్లు. అసలు ఇంజనులో ఆ వేగం డెడ్ సెంటర్‌కు అటూ ఇటూ మూడున్నర డిగ్రీల లోపలే ఉంటుంది. అంటే నా యంత్రం స్ట్రోకు మొత్తం గురించి ఏమీ చెప్పదు, పిస్టను వెనుదిరిగే ఆ కాస్త చోటు గురించే చెబుతుంది. నేను వెతుకుతున్నది ఆ చోటే కాబట్టి దీనితో సరిపెట్టుకున్నాను.

రెండు తప్పులు పరీక్షలు మొదలుపెట్టిన రోజే బయటపడ్డాయి. రాపిడి బలాన్ని కొలిచే లోడ్‌సెల్ యాంప్లిఫయర్ బోర్డు సెకనుకు 80 రీడింగులు మాత్రమే ఇస్తుంది. నిమిషానికి 300 ఆటలంటే ఒక్కో ఆటకు 16 రీడింగులే, వాటిలో వెనుదిరిగే చోటు ఎక్కడుందో గుర్తుపట్టడం అసాధ్యం. అందువల్ల రాపిడిని నిమిషానికి 60 ఆటల దగ్గర కొలిచి, అరుగుదల పరీక్షను మాత్రం 300 దగ్గర నడపాలని నిర్ణయించాను. రెండో తప్పు ఎండది. ఒకే బద్ద ఉదయం ఎనిమిదింటికి ఒక విలువ, మధ్యాహ్నం రేకుల షెడ్డు కాలిపోతున్నప్పుడు ఇంకొక విలువ చూపింది. మారింది బద్ద కాదు, ఆయిల్ చిక్కదనం. ఎస్‌ఏఈ 15డబ్ల్యూ-40 ఆయిల్‌ను బల్ల కింద హీటరుతో 60 డిగ్రీల దగ్గర నిలిపాక ఆ గొడవ తీరింది.

జూన్ 21

మొదటి ఫలితాలు నిరాశ కలిగించాయి. కేవలం హోనింగు చేసిన బద్ద రాపిడి గుణకం 0.112 ఉంటే గుంటలు చెక్కిన బద్దది 0.131 వచ్చింది. మూడు జతలు మార్చి చూసినా తేడా అటే ఉంది. ఎక్కువ ప్రయోగం అక్కరలేకుండా కారణం రింగు ముక్కే చూపింది. దాని ముఖం మీద నిలువుగా సన్నని గీతలు పడ్డాయి. మేస్త్రీ గారి తిరగలి పోలిక అక్షరాలా నిజమైంది.

మైక్రోస్కోపు కింద మళ్లీ చూస్తే ఆనాడు పట్టించుకోని మెరిసే ఉంగరమే దోషి. లేజరు కరిగించిన ఇనుము గుంట చుట్టూ పొంగి 3 నుంచి 5 మైక్రాన్ల ఎత్తున గడ్డకట్టింది. పొర మైక్రాను మందమే ఉండే చోట 4 మైక్రాన్ల గట్టు నిలబడితే ఆ గట్టు ఆయిల్‌ను చీల్చుకుని రింగును గీరక మానదు. ఇంకొక సంగతి కూడా ఉంది. లైనరు బూడిద పోత ఇనుము, అందులోని కార్బన్ గ్రాఫైటు రేకులుగా ఉండి కొంత కందెనలా పనిచేస్తుంది. అదే ఇనుము కరిగి వెంటనే చల్లబడితే కార్బన్‌కు గ్రాఫైటుగా విడిపోయే వ్యవధి ఉండదు, గట్టి కార్బైడుగా మిగిలిపోతుంది. అంటే ప్రతి గుంట చుట్టూ ఎత్తయినదీ, బోరు కంటే ఎంతో కఠినమైనదీ అయిన ఒక ఉలిని నేనే నిలబెట్టాను.

జూలై 6

లేజరు శక్తి తగ్గించి, ఒకే చోట ఎక్కువ సార్లు తిప్పితే ఉంగరం ఎత్తు 2 మైక్రాన్లకు దిగింది, పూర్తిగా పోలేదు. మిగిలినదాన్ని సన్నని లాపింగు పేస్టుతో, బోరు వంపుకు సరిపడే పోత ఇనుప దిమ్మె కట్టి రుద్దాను. రుద్దిన తరువాత కిరసనాయిలుతో తుడిచి సరిపెట్టకూడదన్నది హోనింగు చేసే ప్రతి షెడ్డుకూ తెలిసిన పాఠం. కిరసనాయిలు ఆయిల్‌ను కడుగుతుంది కానీ రాపుడు రేణువులను గీతల్లోనే వదిలేస్తుంది. వేడి నీళ్లు, సబ్బు, బ్రష్షుతో తెల్లగుడ్డకు నలుపు అంటనంత వరకూ కడిగి, వెంటనే ఆరబెట్టి ఆయిల్ రాయాలి. గుంటల విషయంలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే రేణువులు దాక్కోవడానికి మనమే వేల ఇళ్లు కట్టి ఇచ్చాం.

ఇలా సరిచేసిన బద్ద గుణకం 0.092 వచ్చింది. హోనింగు బద్ద 0.112తో పోలిస్తే 18 శాతం తగ్గుదల. ఆ రాత్రి సంతోషంగానే నిద్రపోయాను.

జూలై 8

సంతోషం రెండు రోజులు నిలిచింది. రీడింగులు చూపించినప్పుడు మేస్త్రీ గారు ఒకటే అడిగారు: గుంటలు ఉన్న బద్దను పేస్టుతో రుద్దావు, గుంటలు లేని బద్దను రుద్దలేదు కదా, మరి తేడా గుంటలదని ఎలా చెబుతావు? నా దగ్గర సమాధానం లేదు. గుంటలు లేని బద్దను అదే పేస్టుతో, అన్నే నిమిషాలు, అదే దిమ్మెతో రుద్ది, అలాగే కడిగి పరీక్షించాను. గుణకం 0.098.

కాబట్టి 18 శాతంలో 12 శాతం పైగా రుద్దడం వల్ల వచ్చింది, గుంటల వల్ల వచ్చింది 0.098కీ 0.092కీ మధ్య ఉన్న 6 శాతమే. రీడింగుల చెదురు 0.003 దాకా ఉంది కాబట్టి ఆ 6 శాతాన్ని కూడా గట్టిగా నొక్కి చెప్పలేను. నిజానికి రుద్దడం వల్ల జరిగింది ప్లాటో హోనింగే. ముతక రాయితో లోతైన అడ్డగీతలు వేసి, ఆపైన సన్న రాయితో గీతల శిఖరాలు మాత్రం కోసేస్తే, పైన భారం మోసే చదును భాగాలు, కింద ఆయిల్ నిలిచే లోయలు మిగులుతాయి. ఇంజను కర్మాగారాలు ఏనాటి నుంచో చేస్తున్న పని ఇది. మా వీధిలో చాలా షెడ్లు మొదటి రాయితోనే ఆపి, శిఖరాలు కోసే పనిని రింగులకు వదిలేస్తాయి, రింగులు తమను తాము అరగదీసుకుంటూ ఆ పని చేస్తాయి. లేజరు మాట అటుంచి, రెండో రాయి వాడితేనే రెండింతల లాభం దొరుకుతుందని ఇక్కడ తేలింది. ఈ సంగతి నాన్నగారికి చెప్పాను. వచ్చే నెల నుంచి సన్న రాళ్లు తెప్పిస్తామన్నారు.

ఇక నుంచి ప్రతి గుంటల బద్దకూ, అదే విధంగా రుద్దిన ఖాళీ బద్ద జత లేకుండా ఏ అంకెనూ ఈ డైరీలో రాయను.

జూలై 30

అరుగుదలను బరువుతో కొలుస్తున్నాను. తుల పదోవంతు మిల్లీగ్రాము చూపుతుంది. 40 మి.మీ. పొడవు, 10 మి.మీ. వెడల్పు మేర ఒక మైక్రాను అరిగితే పోయేది 2.9 మిల్లీగ్రాములు, కాబట్టి తుల సరిపోతుంది. సరిపోనిది పోత ఇనుము స్వభావం. గ్రాఫైటు సందుల్లో ఆయిల్ దూరి, పరీక్ష తరువాత ఒక బద్ద ముందుకంటే ఎక్కువ బరువు తూగింది! అసిటోనులో రెండుసార్లు ఉంచి, ఓవెనులో ఆరబెట్టాకే తూచాలని నియమం పెట్టుకున్నాను. 300 ఆటల దగ్గర 8 గంటలు, అంటే పదకొండున్నర కిలోమీటర్ల జారుడు తరువాత ఖాళీ బద్దలు సగటున 2.1, గుంటల బద్దలు 1.5 మిల్లీగ్రాములు కోల్పోయాయి. రాపిడిలో కంటే అరుగుదలలోనే తేడా ఎక్కువగా ఉంది. గుంటల అడుగున నల్లని పొడి పేరుకుని ఉండడం చూస్తే, రింగుకూ బోరుకూ మధ్య తిరిగి గీరవలసిన రేణువులు అక్కడ చిక్కుకున్నాయనిపిస్తోంది.

ఆగస్టు 17

లోతు, సాంద్రత (వైశాల్యంలో గుంటల వాటా) మార్చి చూశాను. 20 మైక్రాన్ల లోతు గుంటలకు ఖాళీ బద్దతో తేడా ఏమీ లేదు. 5 మైక్రాన్లవి 10 మైక్రాన్ల వాటితో సమానంగా పనిచేశాయి కానీ 8 గంటల పరీక్షలో బద్ద కొసల దగ్గర సగానికి పైగా మాసిపోయాయి. సాంద్రతను 30 శాతానికి పెంచితే గుణకం 0.104కు చేరి ఖాళీ బద్ద కంటే చెడ్డదైంది. ఆ సాంద్రతలో గుంటకూ గుంటకూ మధ్య మిగిలే చదును 62 మైక్రాన్లే, భారం మోయవలసిన భూమినే తవ్వేసుకున్నట్టు.

సెప్టెంబరు 14

బోరు లోపలికి ఈ లేజరు తల చూడలేదు. 45 డిగ్రీల అద్దం పెట్టి ప్రయత్నించి, వారం పోగొట్టుకుని, మానేశాను. రింగు అయితే సులువు, సీసాల మీద పేర్లు వేయడానికి వాడే తిరిగే చక్కే చాలు. రింగును బోరులో ఉన్నంత మేర నొక్కిపెట్టే గుండ్రని బిగింపును లేతు మీద చేయించి, పై రింగు బయటి ముఖాన ఐదు వరుసలు చెక్కాను. వరుసకు దాదాపు 900, మొత్తం నాలుగున్నర వేల గుంటలు. ముఖం వెడల్పు 2.5 మి.మీ.లో రెండు అంచుల వద్దా అర మిల్లీమీటరు చొప్పున ఖాళీగా వదిలేశాను. గ్యాస్ జారిపోవడానికి దారి ఇవ్వకూడదనీ, క్రోమ్ పూత అంచు పెచ్చులూడకూడదనీ ఈ జాగ్రత్త. ఉంగరాలు తీసేందుకు పాత లైనరులో పేస్టు రాసి రింగును చేత్తో ఆడించాను. క్రోమ్ కఠినం కనుక బద్దలకు పది నిమిషాలు పట్టిన పని దీనికి ఒక పూట పట్టింది.

అక్టోబరు 26

షెడ్డులోని ఆయిల్ ఇంజనుకు ప్లాటో హోనింగు చేసిన కొత్త లైనరు, ఈ రింగు వేసి, తొట్టెలో నీళ్లు తోడిస్తూ 60 గంటలు నడిపి ఈరోజు విప్పాను.

డీజిల్ వాడకం గురించి నేనేమీ ప్రకటించలేను. బ్యూరెట్టులో 20 మి.లీ. తాగడానికి పట్టే సమయం కొలతకూ కొలతకూ ఒకటిన్నర శాతం మారుతోంది, నేను వెతికే లాభం అందులోనే మునిగిపోతుంది. డీజిల్ ఆపి, 1500 నుంచి 500 చుట్లకు ఫ్లైవీలు దిగే సమయం కూడా కొలిచాను. మామూలు రింగులతో పదిసార్ల సగటు 11.6 సెకన్లు, ఈ రింగుతో 11.9. ఒకే రోజు కొలతల్లోనే 0.4 సెకన్ల చెదురు ఉంది కనుక దీన్నీ లెక్కలోకి తీసుకోను.

రింగు మాత్రం స్పష్టంగా మాట్లాడింది. లైనరు అడుగున, రింగు ఎన్నడూ తాకని చోట పెట్టి కొలిస్తే కొసల మధ్య సందు 0.36 నుంచి 0.38 మి.మీ.కు పెరిగింది. రింగు ముఖం ఒక మైక్రాను అరిగితే సందు ఆరు మైక్రాన్ల పైచిలుకు పెరుగుతుంది కాబట్టి, ముఖం అరిగింది సుమారు 3 మైక్రాన్లు. మైక్రోస్కోపు కింద గుంటల లోతు 10 నుంచి 6, 7 మైక్రాన్లకు తగ్గింది. సందును కొలిచిన ఫీలర్ గేజి, మైక్రోస్కోపు ఒకే మాట చెప్పడం ఈ ఆరు నెలల్లో ఇదే మొదటిసారి. గుంట ఎంత మిగిలిందో చూస్తే రింగు ఎంత అరిగిందో తెలిసిపోతుందన్న ఉపయోగం నేను ముందు ఊహించనిది. ముఖం మీద గీతలు లేవు. రింగు కొసల దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల మేర గుంటలు కార్బన్‌తో పూడిపోయాయి, సందులోంచి గ్యాస్ దూసుకొచ్చే చోటు అదే.

పూడిన గుంటలను శుభ్రం చేయకుండా, కొసల దగ్గర గుర్తు పెట్టి, రింగును అలాగే తిరిగి బిగించాను. మళ్లీ విప్పేది 200 గంటలకు. ఈసారి పక్కనే రెండో ఇంజనులో, అదే పేస్టుతో అంతే సేపు రుద్దిన గుంటలు లేని రింగు కూడా నడుస్తుంది.